ప్యాకెట్ మీద పేరు, లోపలి సరుకు

సూపర్ మార్కెట్ అరల్లో ఒకే రకం సరుకు పక్కపక్కనే రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒక కందిపప్పు ప్యాకెట్ మీద టీవీ ప్రకటనల్లో ఇంటింటికీ తెలిసిన కంపెనీ పేరు ఉంటుంది. పక్క ప్యాకెట్ మీద ఆ దుకాణమే పెట్టుకున్న పేరు ఉంటుంది. ఈ రెండో రకాన్ని వ్యాపారులు ప్రైవేట్ లేబుల్ అంటారు, కొనేవాళ్లు దుకాణం సొంత బ్రాండు అంటారు. డీమార్ట్‌లో డీమార్ట్ ప్రీమియా, రిలయన్స్ దుకాణాల్లో గుడ్ లైఫ్, బిగ్ బాస్కెట్‌లో బీబీ రాయల్ ఇలాంటివే. సాధారణంగా వీటి ధర తక్కువ. ఆ తగ్గింపు సరుకులో తగ్గిందా, లేక సరుకుతో సంబంధం లేని ఖర్చుల్లో తగ్గిందా అన్నదే అసలు ప్రశ్న. అన్ని సరుకులకూ కలిపి దీనికి ఒకే జవాబు దొరకదు. ఉప్పు విషయంలో ఒక జవాబు, కారం విషయంలో మరొకటి, బిస్కెట్ల విషయంలో ఇంకొకటి.

ఇది చిన్న విషయంగా కొట్టిపారేయదగినదీ కాదు. 2022-23లో కేంద్ర ప్రభుత్వం జరిపించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల నెల ఖర్చులో సుమారు 46 శాతం, పట్టణ కుటుంబాల ఖర్చులో సుమారు 39 శాతం తిండికే పోతోంది. ఇంత వాటా తిండికే పోయే ఇంట్లో ప్యాకెట్‌కు పదీ ఇరవై రూపాయల తేడా నెల తిరిగేసరికి పిల్లల ఫీజులోనో మందుల ఖర్చులోనో ఆసరాగా తేలుతుంది. అందుకే ఎక్కడ చవక సరుకు నిశ్చింతగా కొనవచ్చో, ఎక్కడ ఆగి చూడాలో తెలియడం అవసరం.

సొంత బ్రాండ్లకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. బ్రిటన్‌లో టెస్కో దుకాణాలకు మూలమైన వ్యాపారం 1924లోనే తన పేరుతో తేయాకు అమ్మింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో గోట్లీబ్ డుట్‌వైలర్ అనే వ్యాపారి మిగ్రోస్ పేరుతో ఐదు లారీల మీద కాఫీ, బియ్యం, పంచదార, పాస్తా, కొబ్బరి కొవ్వు, సబ్బు పెట్టుకుని వీధివీధికీ తిరిగి చవకగా అమ్మాడు. పేరున్న కంపెనీలు అతనికి సరుకు ఇవ్వబోమన్నాయి. అయితే తానే తయారు చేయించుకుంటానని సొంత ఫ్యాక్టరీలు పెట్టాడు. ఆ మిగ్రోస్ ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో అతిపెద్ద దుకాణ సంస్థల్లో ఒకటి, దాని అరల్లో ఎక్కువ భాగం సొంత సరుకే. 1976లో ఫ్రాన్స్‌లో కార్ఫూర్ సంస్థ 50 రకాల సరుకులను ఏ బ్రాండు పేరూ లేని తెల్ల ప్యాకెట్లలో పెట్టి అమ్మింది. బ్రిటన్‌లో ఇవాళ కిరాణా కొనుగోళ్లలో దాదాపు సగం సొంత బ్రాండ్లవే. తెలుగు నేల మీద ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర దుకాణాలను ఆదిత్య బిర్లా గ్రూపు కొని మోర్‌గా మార్చింది. రిలయన్స్ ఫ్రెష్ తన మొట్టమొదటి దుకాణాన్ని 2006లో హైదరాబాద్‌లోనే తెరిచింది. విడిగా తూచి కాగితం పొట్లం కట్టిచ్చే కొట్టు నుంచి ప్యాకెట్ల అరల దాకా తెలుగు పట్టణాలు నడిచింది ప్రధానంగా ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఇక ధర సంగతి. పేరున్న బ్రాండు ప్యాకెట్ ధరలో సరుకు ఖరీదు ఒక భాగం మాత్రమే. టీవీ ప్రకటనలు, సినిమా తారలకు ఇచ్చే పారితోషికం, ఊరూరా తిరిగే సేల్స్ ప్రతినిధుల జీతాలు, గోదాములు చూసే ఏజెంటు కమీషను, డిస్ట్రిబ్యూటరు లాభం, దుకాణదారు లాభం అన్నీ అందులో కలిసి ఉంటాయి. దుకాణం తన పేరుతో సరుకు వేయించుకున్నప్పుడు వీటిలో చాలా ఖర్చులు ఉండనే ఉండవు. సరుకు మిల్లు నుంచి నేరుగా సంస్థ గోదాముకు వస్తుంది, అక్కడి నుంచి అరకు చేరుతుంది. ప్రకటన అవసరం లేదు, ఎందుకంటే కొనేవాడు అప్పటికే దుకాణంలో ఉన్నాడు. పన్ను తేడా కూడా ఇప్పుడు లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టర్ చేసిన బ్రాండు పేరుతో ప్యాక్ చేసిన బియ్యం, పప్పులకే 5 శాతం పన్ను పడేది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన ప్రతి సంచికీ, బ్రాండు ఏదైనా, అదే పన్ను వర్తించింది. కాబట్టి సొంత బ్రాండు చవకగా ఉన్నంత మాత్రాన లోపల సరుకు తక్కువదని అనుమానించాల్సిన పని లేదు. సరుకును ముట్టుకోకుండానే ధర తగ్గించే వీలు ఈ వ్యాపారంలోనే ఉంది.

దుకాణాలకు సాధారణంగా సొంత ఫ్యాక్టరీలు ఉండవు. ఎవరో మిల్లు యజమాని, ఎవరో బిస్కెట్ల తయారీదారు వీళ్ల పేరుతో వేసి ఇస్తారు. అదే తయారీదారు పేరున్న కంపెనీలకూ వేసి ఇస్తుండవచ్చు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో తయారు చేసినవారు, మార్కెటింగ్ చేసినవారు అని రెండు చిరునామాలు ఉండేది ఇందుకే. అమెరికాలో కాస్ట్‌కో సంస్థ కిర్క్‌ల్యాండ్ సిగ్నేచర్ పేరుతో అమ్మిన కాఫీ ప్యాకెట్ల మీద, గింజలు వేయించింది స్టార్‌బక్స్ అని బాహాటంగానే రాసి ఉండేది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో పప్పులకూ పిండ్లకూ బాగా వాడే స్వాద్ బ్రాండు కూడా పటేల్ బ్రదర్స్ అనే భారతీయ దుకాణాల కుటుంబానికి చెందినదే. షికాగోలో 1974లో ఒక్క కొట్టుగా మొదలైన ఆ దుకాణాల అరల మీద అది ఇప్పుడు మిగతా బ్రాండ్లతో సమానంగా చెలామణి అవుతోంది.

అయితే ఒకే ఫ్యాక్టరీలో తయారైనంత మాత్రాన రెండు ప్యాకెట్లలో ఉన్నది ఒకటే అని తీర్మానించకూడదు. ఏ పాళ్లలో ఏం కలపాలో, ఏ రకం ముడిసరుకు వాడాలో ఆర్డరు ఇచ్చినవారే నిర్ణయిస్తారు. ఒకే యంత్రం మీద పొద్దున వెన్న ఎక్కువ వేసిన బిస్కెట్లు, మధ్యాహ్నం పామాయిల్‌తో చేసిన బిస్కెట్లు నడవవచ్చు. ఫ్యాక్టరీ ఒకటేనన్న మాట విని కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. చూడాల్సింది ఫ్యాక్టరీ చిరునామాకన్నా ముందు పదార్థాల జాబితా.

తేడాకు దాదాపు తావే లేని సరుకులు కొన్ని ఉన్నాయి. ఉప్పు, పంచదార వాటిలో ముఖ్యమైనవి. ఉప్పు ఎవరు అమ్మినా సోడియం క్లోరైడే. ఇంటికి వచ్చే అయోడిన్ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్న నిబంధన చవక ప్యాకెట్‌కూ ఖరీదైన ప్యాకెట్‌కూ ఒకటే. పంచదారలో తేడా చక్కెర మిల్లుల గ్రేడులో ఉంటుంది. ఎం-30, ఎస్-30 అనే గ్రేడుల్లో అక్షరం పలుకు సైజును, అంకె తెలుపును తెలుపుతాయి. టీలో కరిగాక రెండింటికీ భేదం ఉండదు. ప్యాకెట్ పాలది కూడా ఇదే దారి. టోన్డ్ పాలలో 3 శాతం కొవ్వు, 8.5 శాతం ఇతర ఘనపదార్థాలు, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు, 9 శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలని చట్టం నిర్దేశించింది. టోన్డ్ పాలు కొన్నప్పుడు ఏ డెయిరీవైనా వెన్న శాతం అంతే. తేడా ఉంటే తాజాదనంలో, చల్లగా నిలవ ఉంచిన తీరులో ఉంటుంది.

ఈ విషయం వంట వృత్తిలో ఉన్నవారికి బాగా తెలుసు. బార్ట్ బ్రోనెన్‌బర్గ్, జాన్-పియర్ డ్యూబే, మాథ్యూ జెంట్‌జ్కో, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబాల కొనుగోళ్లను పరిశీలించి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. తలనొప్పి మాత్రలు కొనేటప్పుడు సగటు వినియోగదారు 26 శాతం సార్లు పేరున్న బ్రాండు వైపు మొగ్గితే, మందుల గురించి చదువుకున్న ఫార్మసిస్టులు 9 శాతం సార్లే మొగ్గారు. ఉప్పు, పంచదార లాంటి సరుకుల్లో కూడా వృత్తి వంటవాళ్లు తమలాంటి ఆదాయం, చదువు ఉన్న ఇతరులకన్నా పేరున్న బ్రాండ్లకు 12 శాతం పాయింట్లు తక్కువ వాటా ఇచ్చారు. రోజూ చేత్తో పట్టి వాడేవాళ్లు పేరుకు డబ్బు కట్టడం లేదంటే, ఆ సరుకుల్లో పేరు చేసే పని లేదని అర్థం చేసుకోవచ్చు.

నూనెలో కొంచెం జాగ్రత్త కావాలి. మన దేశంలో వాడే పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల నుంచి ముడినూనెగా ఓడల్లో వస్తుంది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరి రిఫైనరీలలో దాని జిగురు తీసి, ఆమ్లం తగ్గించి, రంగు పోగొట్టి, చివరికి ఆవిరితో వాసన కూడా తీసేస్తారు. రంగూ రుచీ వాసనా తీసేయడమే రిఫైన్ చేయడం గనుక, చివరికి మిగిలే నూనెల మధ్య తేడా చాలా తక్కువ. ఇక్కడ సొంత బ్రాండు కొనడానికి వెనకాడనవసరం లేదు. గానుగ పట్టిన వేరుశనగ నూనె, నువ్వుల నూనె మాత్రం వేరు. గింజ వాసన, రుచి నూనెలో నిలిచి ఉంటాయి కాబట్టి గింజ నాణ్యత, గానుగ ఆడిన తీరు అందులో తెలిసిపోతాయి. నెయ్యి కూడా అలాంటిదే. పెరుగు చిలికి తీసిన వెన్న కాచిన నెయ్యికీ, మీగడ నుంచి నేరుగా తీసిన నెయ్యికీ వాసనలోనే భేదం ఉంటుంది. కొవ్వు శాతం రెండింటిలో ఒకటే అయినా, ముద్దపప్పు మీద వేసుకునేవారికి ఆ వాసనే ముఖ్యం.

తెలుగువాళ్ల వంటింట్లో అసలు పరీక్ష పప్పు, బియ్యం, కారం దగ్గర మొదలవుతుంది. ఇవి ఫ్యాక్టరీలో పుట్టినవి కావు, పొలంలో పండినవి. నేల, వాన, విత్తనం, నిలవ ఉన్న కాలం వీటి గుణాన్ని మారుస్తాయి. కందిపప్పునే తీసుకుంటే, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఒకటి, అంతకుముందే ఆ గుర్తింపు పొందిన కలబురగి కంది ఒకటి. మయన్మార్, మొజాంబిక్, టాంజానియాల నుంచి దిగుమతి అయ్యే కంది మరొకటి. పంట తగ్గిన ఏడాది దిగుమతి కంది మార్కెట్లో పెరుగుతుంది. ప్యాకెట్ కట్టేది ఎవరైనా ఆ నెల మార్కెట్లో దొరికిన దాన్నే కొని మిల్లాడించాలి. వేడిలో, తేమలో ఎక్కువ కాలం నిలవ ఉన్న పప్పు ఎంతసేపు ఉడికించినా మెదగదు. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ పోయినా బద్ద బద్దగానే ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఈ లోపం ఖరీదైన ప్యాకెట్‌లోనూ వస్తుంది, చవక ప్యాకెట్‌లోనూ వస్తుంది. చవక రకాల్లో తరచుగా కనిపించేది వేరే తేడా: విరిగిన బద్దలు, పొట్టు, చిన్న పరిమాణపు గింజలు ఎక్కువ. రుచికి వాటితో పెద్ద నష్టం లేదు. పప్పు చారుకూ, సాంబారుకూ విరిగిన బద్ద త్వరగా ఉడికి మేలే చేస్తుంది. మెరిసే పప్పే మంచిదన్న నమ్మకం మాత్రం వదులుకోవాలి. ఆ మెరుపు నీళ్లో నూనో పట్టించి పాలిష్ చేస్తే వచ్చేది. పాలిష్ పట్టని పప్పు కాస్త మసకగా ఉండి కూడా కమ్మగా ఉడుకుతుంది.

బియ్యానిది మరింత చిక్కు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి, అంటే సాంబ మసూరి, ఇవాళ ఎన్నో సంచుల మీద ఎన్నో పేర్లతో కనిపిస్తుంది. సోనా మసూరి అని రాసిన ప్రతి సంచిలోనూ ఒకే వరి ఉంటుందన్న హామీ లేదు. అన్నం పొడిగా, ఒదిగి రావాలంటే బియ్యం పాతబడి ఉండాలి. ఎన్ని నెలలు పాతదో ఆ సంచి మీద చాలాసార్లు ఉండదు. ఈ సరుకులో పేరున్న బ్రాండు అమ్మేది ప్రధానంగా ఒక మాట: ఈ నెల ఎలా వండుకున్నారో వచ్చే నెలా అలాగే వస్తుందన్న మాట. ఆ మాట నిలబెట్టుకున్న బ్రాండుకు కాస్త ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు. నిలబెట్టుకోకపోతే ఆ ఎక్కువ ఇవ్వడానికి కారణమే లేదు. పెద్ద సంచి కొనేముందు చిన్న ప్యాకెట్ వండి చూడడం చాలా ఇళ్లలో ఉన్న మంచి అలవాటు.

ఎండు కారం దగ్గర ధర తేడాకు నిజమైన కారణాలు ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డులో తేజ, 334, 341, బ్యాడిగి అని రకాల వారీగా ధరలు పలుకుతాయి. తేజ ఘాటుకు, బ్యాడిగి రంగుకు పేరు పడ్డాయి. రంగు పోయి తెల్లబడిన కాయలను తాలు అంటారు. యార్డులో తాలు ధర మంచి కాయ ధరకన్నా బాగా తక్కువ. కారం పట్టేటప్పుడు తొడిమ తీసి పడితే ఒక ఖర్చు, తొడిమతో సహా పడితే ఇంకో ఖర్చు. తొడిమ, తాలు కలిసిన కారం చవకగా వస్తుంది, కానీ కూరలో రంగు తక్కువ, ఘాటు తక్కువ. ఒక చెంచా సరిపోయే చోట ఒకటిన్నర వేయాల్సి వస్తే, ఆ చవకలో సగం అక్కడే పోతుంది. ఆహార నిబంధనలు కారంలో తేమ, బూడిద వంటివి ఎంత మించకూడదో చెబుతాయి. అదనపు రంగు కలపడాన్ని నిషేధిస్తాయి. ఘాటు ఎంత ఉండాలో చెప్పవు. అందువల్ల నిబంధనలకు లోబడిన రెండు కారాలు రుచిలో ఎంతో దూరంగా ఉండవచ్చు. పసుపులో కూడా దుగ్గిరాల, నిజామాబాద్, ఈరోడ్ రకాల మధ్య రంగు, వాసన, కర్కుమిన్ శాతం వేరువేరు. ఇలాంటి సరుకుల్లో సొంత బ్రాండును కొట్టివేయనక్కర లేదు, గుడ్డిగా నమ్మనూ అక్కర లేదు. వంద గ్రాముల ప్యాకెట్ తెచ్చి నాలుగు రోజులు వాడితే సంగతి తెలిసిపోతుంది. ఇప్పటికీ వేసవిలో యార్డు నుంచి కాయలు తెచ్చి, ఎండబెట్టి, తొడిమ తీసి, మిల్లు పట్టించుకునే ఇళ్లకు ఈ రెండు బ్రాండ్ల పోటీతోనే పని లేదు. వాళ్ల కారం రెండింటికన్నా మేలుగా ఉండడం కూడా సహజం.

రెండు మూడు కంటే ఎక్కువ పదార్థాలు కలిపి చేసిన తిండిలో తేడా అంతా పాళ్లలో ఉంటుంది. ఆ పాళ్లను చెప్పే పని చట్టం లేబుల్ మీద పెట్టింది. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది తర్వాత వచ్చేలా జాబితా రాయాలి. ప్యాకెట్ ముందువైపు బాదం, వెన్న, తేనె అని గొప్పగా చెప్పుకుంటే వాటి శాతం ఎంతో కూడా చెప్పాలి. వెన్న బిస్కెట్లని పెద్దక్షరాలతో ఉన్న ప్యాకెట్ తిప్పి చూస్తే వెన్న ఒకటి రెండు శాతానికి మించకపోవచ్చు, మిగతా కొవ్వంతా పామాయిల్ కావచ్చు. కాఫీ పొడిలో చికోరీ శాతం రాయడం తప్పనిసరి. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. డెబ్భై పాళ్లు కాఫీ ఉన్న పొడికీ యాభై మూడు పాళ్లు ఉన్న పొడికీ ధర సమానంగా ఉంటే, ఫిల్టర్ కాఫీ ప్రియులకు ఏది కొనాలో ఆ అంకె చెప్పేస్తుంది. చికోరీ కాఫీకన్నా చాలా చవక. జామ్‌లో సాధారణంగా కనీసం 45 శాతం పండు ఉండాలి. ఆ కనీసం దగ్గర ఆగిన జామ్, అంతకు మించి పండు వేసిన జామ్ ఒకే వరుసలో ఉంటాయి. పండ్ల పానీయానికి కనీస రసం 10 శాతమే. ఐస్‌క్రీమ్ అని రాయాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. మొక్కల నుంచి తీసిన నూనెల కొవ్వుతో చేసినదాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. ఈ రెండో రకాన్ని దేశంలో పేరుమోసిన కంపెనీలే ఎక్కువగా అమ్ముతున్నాయి. చవక సొంత బ్రాండు డబ్బా మీద ఐస్‌క్రీమ్ అనీ, పక్కనున్న ఖరీదైన డబ్బా మీద ఫ్రోజెన్ డెజర్ట్ అనీ ఉంటే, పాలు ఎక్కువ ఉన్నది చవక డబ్బాలోనే.

ఈ తరగతి సరుకుల్లో సొంత బ్రాండు వెనకబడడం కూడా చూస్తాం. టమాటా సాస్‌లో టమాటా పేస్టు తగ్గించి, చిక్కదనం కోసం స్టార్చ్, గమ్ కలిపితే ధర తగ్గుతుంది. కార్న్‌ఫ్లేక్స్, నూడిల్స్, చిప్స్‌లో మసాలా వెనక ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు ఉంటాయి. పిల్లల నాలుకకు అలవాటైన ఆ రుచి చవక ప్యాకెట్‌లో అచ్చు అలాగే రాదు. రుచి నచ్చడం ఒకటి, ఒంటికి మేలు ఇంకొకటి. బ్రిటన్‌లో సూపర్ మార్కెట్ల చవక శ్రేణి సరుకులనూ వాటికి సాటైన పేరున్న బ్రాండ్లనూ పోల్చి 2003లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పోషకాల విషయంలో చవకవి తీసిపోలేదని తేలింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో చివరిది లేబుల్ చదివి కొనమన్నదే. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించవద్దన్నదీ అందులో ఉంది. బిస్కెట్‌లో పంచదార, సాస్‌లో ఉప్పు ఎక్కువైతే ఖరీదైనదైనా చవకదైనా ఒంటికి ఒకే నష్టం.

రుచి గురించి మాట్లాడేటప్పుడు నాలుకను పూర్తిగా నమ్మలేం. 1964లో ఆలిసన్, ఊల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో బీరు తాగేవాళ్లకు లేబుల్ లేని సీసాలు ఇచ్చి రుచి చూపించారు. తమకు ఇష్టమైన బ్రాండును చాలామంది గుర్తుపట్టలేకపోయారు. తర్వాత లేబుళ్లతో ఇస్తే అదే బీరుకు, ఇష్టమైన పేరు ఉన్నందుకు, ఎక్కువ మార్కులు వేశారు. 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 63 మంది పిల్లలకు ఒకే తిండిని రెండు రకాల కాగితాల్లో ఇచ్చారు. ఒకటి మామూలు కాగితం, రెండోది మెక్‌డొనాల్డ్స్ గుర్తున్న కాగితం. గుర్తున్న కాగితంలోది రుచిగా ఉందని ఎక్కువమంది అన్నారు. ఆ సంస్థ అమ్మని క్యారెట్ ముక్కల విషయంలో కూడా అలాగే అన్నారు. బడికి కూడా వెళ్లని వయసులోనే ప్రకటనలు పిల్లల నాలుకను ఇంతగా మార్చడం కలవరపడాల్సిన సంగతి.

పేరు తెలియకుండా పోల్చడానికి ఆహార ప్రయోగశాలలు వాడే పద్ధతి ఇంట్లో కూడా సులువే. మూడు గిన్నెలు తీసుకుని రెండింటిలో ఒక బ్రాండు, మూడోదానిలో ఇంకో బ్రాండు పెట్టి, ఏది వేరుగా ఉందో చెప్పమనాలి. ఊరికే ఊహించి చెప్పినా మూడుసార్లకు ఒకసారి సరిపోతుంది గనుక, ఇంట్లో అందరికీ పెట్టి పలుమార్లు చేయాలి. ఎక్కువసార్లు పట్టుకోలేకపోతే ఆ ఇంటికి ఆ రెండు సరుకులూ ఒకటే. పప్పు, టీ, సాస్, బిస్కెట్ దేన్నైనా ఇలా చూడవచ్చు. రెండింటినీ ఒకే రకం పాత్రల్లో, ఒకే నీళ్లతో, ఒకే సమయం పాటు వండడం మాత్రం తప్పనిసరి.

చవకదానిలో కల్తీ ఎక్కువ ఉంటుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ జరిపిన పరీక్షల్లో టెస్కో చవక శ్రేణిలోని ఒక గొడ్డుమాంసం బర్గర్‌లో 29 శాతం గుర్రపు మాంసం బయటపడింది. ఆ వార్త వినగానే చవక సరుకు సంగతి ఇంతేనని అనుకున్నవారు చాలామంది ఉన్నారు. కొద్ది వారాలకే ఫిండస్ అనే పేరున్న బ్రాండు లసాన్యాలో 60 నుంచి 100 శాతం వరకు గుర్రపు మాంసమేనని బ్రిటన్ అధికారులు ప్రకటించారు. మన దేశంలో 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. చక్కెర పాకం కల్తీని పట్టే అధునాతన పరీక్షలతో సహా అన్నింటిలో నెగ్గినవి 3 మాత్రమే. వాటిలో ఒకటి పంజాబ్ సహకార సంస్థ మార్క్‌ఫెడ్ అమ్మే సోహ్నా తేనె. నెగ్గనివాటిలో దేశమంతా తెలిసిన పేర్లు ఉన్నాయి. ఆ కంపెనీలు ఫలితాలను ఒప్పుకోలేదు. 2024 ఏప్రిల్‌లో పేరుమోసిన రెండు భారతీయ మసాలా బ్రాండ్ల పొడుల్లో ఇథిలిన్ ఆక్సైడ్ ఉందని హాంకాంగ్ అధికారులు కొన్ని రకాల అమ్మకాలు ఆపించారు. పెద్ద పేరు ఉంటే పరువు పోతుందన్న భయంతో జాగ్రత్త పడతారన్న వాదనలో కొంత నిజం ఉంది. ఆ భయం దుకాణానికీ ఉంటుంది. తన పేరే ప్యాకెట్ మీద వేసుకున్న దుకాణానికి మరీ ఎక్కువ, ఎందుకంటే పప్పులో పురుగు కనిపిస్తే అనుమానం ఆ దుకాణంలోని అన్ని అరల మీదికీ పాకుతుంది. దుకాణంతో సంబంధం ఉన్నట్టు కూడా తెలియని వేరే పేరు పెట్టుకున్నప్పుడు ఆ కట్టుబాటు కొంత సడలుతుంది.

చవకదనాన్ని కూడా సరిగ్గా లెక్కవేయాలి. ప్యాకెట్ మీది ఎమ్మార్పీ అంతకు మించి అమ్మకూడని ధర మాత్రమే. సొంత బ్రాండు మీద ఎమ్మార్పీ ఎంత వేయాలో తేల్చడంలో దుకాణం మాటే నడుస్తుంది. ఎక్కువ ముద్రించి సగానికి సగం తగ్గింపు అని బోర్డు పెట్టడం దానికి కష్టం కాదు. అందుకని తగ్గింపు శాతాన్ని పక్కన పెట్టి, బిల్లులో పడే ధరను బరువుతో భాగించి చూడాలి. ఉదాహరణకు 950 గ్రాముల సాస్ 120 రూపాయలు, 850 గ్రాములది 110 రూపాయలు అనుకుంటే, మొదటిది గ్రాముకు 12.6 పైసలు, రెండోది 12.9 పైసలు. చవకగా కనిపించినదే ఖరీదు. 2021లో తూనికలు కొలతల నిబంధనలకు చేసిన సవరణ ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ముద్రించమంది. అదే సవరణతో ఫలానా సరుకు ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న పాత షరతు పోయింది. అందుకే కిలో అనుకున్నది 900 గ్రాములు, లీటరు అనుకున్న నూనె అంతకు తక్కువ తూగడం ఇప్పుడు సాధారణమైంది. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు ఉంటుందని గుర్తుంచుకుంటే నూనె ప్యాకెట్ల దగ్గర పొరపాటు జరగదు.

సొంత బ్రాండు సరుకు వేసిచ్చే మిల్లు ఎప్పుడు మారేదీ కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. ఎప్పుడూ వాడే పప్పు రుచి ఒక నెల మారినట్టు అనిపిస్తే పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ మీద తయారీదారు చిరునామాలు పోల్చి చూడవచ్చు. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ప్రతి ప్యాకెట్ మీద ఉండాలి. సరుకు పాడైనదని తేలితే ప్యాకెట్, బిల్లు పారేయకుండా, బ్యాచ్ నంబరుతో సహా ఆహార భద్రతా శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ మామూలు కొనుగోలుదారుకు కూడా ఒక హక్కు ఇచ్చింది. పరీక్షకు పంపే ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మినవారికి తెలియజేసి, రుసుము కట్టి, తాను కొన్న సరుకును ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. సరుకు నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు.